చైగాన్ అనే ఊరు

ఒక మహాకావ్యం చెప్పబోతున్నాను. అందులో నలభై అయిదేళ్ల పగ ఉంది, ఒక ఆడమనిషి శపథం ఉంది, తిథి నక్షత్రాలతో సహా ఖాయమైన గడువు ఉంది, ఢిల్లీ నుంచి ప్యారిస్ దాకా పదకొండు నగరాలున్నాయి, నేల కూలిన చెట్టు ఉంది, పాములు కూడా ఉన్నాయి. ఇంత చెప్పాక మీరు సర్దుకుని కూర్చునే లోపే ఒప్పేసుకోవడం మర్యాద. ఇది కావ్యం కాదు, పద్నాలుగు అంగుళాల పొడవూ నాలుగు అంగుళాల వెడల్పూ ఉన్న ఒక గాజు ముక్క సంగతి. పగ అక్కాతమ్ముళ్లది. నగరాలు పాత రేడియో డయల్ మీదివి. పాముల గురించి దగ్గరికొచ్చినప్పుడు చెబుతాను, కరిచే రకం కాదు.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, నిన్న మా ఫ్యాక్టరీలో పెద్ద గలాటా అయింది. సూళ్లూరుపేట పక్కన వాషింగ్ మెషిన్ల ముందు వైపు బిగించే గాజు పలకలు తయారయ్యే చోట, ఆ పలకల మీద అచ్చయిన అక్షరాలు సరిగా ఉన్నాయో లేదో చూసే ఉద్యోగం నాది. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా అవే ఆరు మాటలు చదువుతాను, నాకంటే తక్కువ చదివి బతికేవాడు ఈ జిల్లాలో లేడు. నిన్న ఒక ట్రే నిండా పలకల మీద ఒక అక్షరం కాలు విరిగి అచ్చయింది. మా పై అధికారి ఆ అక్షరాన్ని తెర మీద గుమ్మడికాయంత చేసి చూపించి, దీనికి బాధ్యులెవరని అడిగాడు. గదిలో పద్నాలుగు మందిమి ఉన్నాం, పద్నాలుగు మందిమీ కిటికీలోంచి బయటికి చూశాం. ఆ నిశ్శబ్దంలో నాకు నవ్వొచ్చింది. తప్పు అక్షరం ముందు నోరు మూసుకుని నిలబడటం నాకు కొత్త కాదు మరి, ఎనిమిదేళ్ల కిందటే ఆ విద్యలో పట్టా పుచ్చుకున్నాను.

ముప్పై ఒకటో ఏట జ్ఞాపకాలు రాయడమేమిటని మా నాయన వింటే చెప్పు వెతుక్కుంటాడు. అయినా నా ఈడు వాళ్లకు ఒక మాట చెప్పుకోవాలి. రేడియో అంటే మనకు కారులో ఒక బటను, నొక్కితే స్టేషన్లను అదే వెతుక్కుంటుంది. మన తాతల కాలంలో స్టేషన్ను మనిషే వెతుక్కోవాలి. పెట్టె ముందు భాగంలో ఒక అద్దం, అద్దం మీద ఊళ్ల పేర్లు, వెనకాల చిన్న బల్బు, బల్బుకూ అద్దానికీ మధ్య దారంతో లాగితే అటూ ఇటూ జరిగే ముల్లు. ఆ ముల్లు ఏ ఊరి మీద ఆగితే ఆ ఊరు మాట్లాడుతుంది. మాట్లాడాలి అనుకోండి, చాలాసార్లు గొంతులో నీళ్లు పోసుకున్నట్టు గరగరమనేదట. ఆ అద్దం పగిలినా, ముల్లు పోయినా, తిప్పే నాబు ఊడినా పెట్టె లోపల ప్రాణం ఉన్నా ముఖం ఉండదు. అట్లా ముఖం పోయిన రేడియోలకు ముఖం పెట్టే దుకాణం ఒకటి చిత్తూరులో ఉండేది. అందులో ఏడాదిన్నర పని చేశాను.

పని చేశాననడం గొప్పకు. డిప్లొమా చేతబట్టుకుని ఉద్యోగం కోసం ఎదురు చూసే రోజుల్లో, ఇంట్లో పడుకుని ఫ్యాను కింద బరువు పెరుగుతున్నానని మా నాయన నన్ను తీసుకెళ్లి తన స్నేహితుడి దుకాణంలో కూర్చోబెట్టాడు. ఆయన్ని చిచ్చా అనేవాణ్ణి, అంటే వాళ్ల ఉర్దూలో చిన్నాన్న. రెండు నెలలని వెళ్లినవాణ్ణి అక్కడే ఆగిపోయాను. ఆగిపోయాననడం కూడా తప్పే, ఆ ఏడాదిన్నరా నేను కుర్చీలో సగమే కూర్చున్నాను, మిగతా సగం ఎప్పుడైనా లేచి పోవడానికి ఖాళీగా ఉంచాను. ఫోను మోగితే లేచేవాణ్ణి, మోగకపోతే ఎందుకు మోగలేదని లేచేవాణ్ణి. వీధిలో బస్సు హారను కొడితే అది నన్ను ఎక్కించుకోకుండా పోతోందనిపించేది. సూళ్లూరుపేట వైపు ఫ్యాక్టరీలకు ఇంటర్వ్యూలకు ఆరుసార్లు వెళ్లొచ్చాను, ఆరుసార్లూ వాళ్లు కబురు చేస్తామన్నారు, ఆ కబురు ఎక్కడో దారి తప్పి తిరుగుతోందని నమ్మకం.

చిచ్చాకూ నిలకడ లేదు. అరవై దాటిన మనిషి, పని బల్ల దగ్గర పది నిమిషాలు, గుమ్మంలో అయిదు నిమిషాలు, మళ్లీ బల్ల దగ్గరికి. ఒక కన్నుకు పొర కమ్ముతోంది, చెయ్యి వణికేది. కుంచె పట్టగానే ఆ వణుకు మాయమయ్యేదని రాస్తే చదవడానికి బాగుంటుంది, కానీ మాయమయ్యేది కాదు, అందుకే ఒక మంచి అద్దానికి రెండు అద్దాలు పాడయ్యేవి. ఆయన పని ఏమిటంటే, అద్దాన్ని కొలతకు కోసి, దాని వెనక వైపు సన్నటి కుంచెతో ఎనామిల్ రంగు ముంచి ఊళ్ల పేర్లు రాయాలి. ముందు నుంచి చూసేవాళ్లకు సరిగా కనబడాలి కాబట్టి వెనక తిరగేసి, కుడి నుంచి ఎడమకు రాయాలి. నేను నాలుగైదుసార్లు ప్రయత్నించాను. నా ఢిల్లీ చూసి చిచ్చా ఆ అద్దాన్ని తిరగేసి బల్ల కింద పెట్టేశాడు, అంతకంటే తిట్టడమే నయం.

ఆయనకు మాత్రం అది పుట్టుకతో వచ్చిన నడక. చిన్నప్పుడు పలక మీద దిద్దింది ఉర్దూ, అది కుడి నుంచి ఎడమకే పోతుంది. “సూడు బేటా, నువ్వు ఎడమ నించి కుడికి పోతావు, నేను కుడి నించి ఎడమకు వస్తా, మధ్యలో యాడన్నా కలుద్దాం” అనేవాడు. ఇంగ్లీషు ఆయనకు చదవడం పెద్దగా రాదు, అక్షరాలను బొమ్మల్లా చూసి తిరగేసేవాడు. కాబట్టి పేర్లు కాగితం మీద తప్పు లేకుండా రాసివ్వడం నా వంతు. కాగితంలో ఏముంటే అద్దంలో అదే. దీన్ని ఇక్కడ ఎందుకు ఇంత స్పష్టంగా చెబుతున్నానంటే, తర్వాత జరిగినదానికి చిచ్చా మీద ఎవరికీ అనుమానం రాకూడదు.

ఒక మధ్యాహ్నం కాణిపాకం అవతలి పల్లె నుంచి ఒక పెద్దాయన, దుప్పట్లో చుట్టిన పెట్టెను ఒళ్లో పసిబిడ్డలా పెట్టుకుని ఆటోలో దిగాడు. చెరుకు, మామిడి పండించే మనిషి, తెల్ల చొక్కా, భుజం మీద తువ్వాలు. దుప్పటి విప్పితే నల్లటి పెద్ద రేడియో, అద్దం ఉండాల్సిన చోట పళ్లూడిన నోరులా చీకటి. ముల్లు లేదు, రెండు నాబుల్లో ఒకటి లేదు.

“ఏమప్పా, రేడియోలకు మూతి పెట్టేది ఈడనేనా?” అన్నాడు.

“పెడతాం గానీ, పాత మూతి యాడికి పోయినాది?” అన్నాడు చిచ్చా.

పెద్దాయన తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. “కోతి పగలగొట్టినాది” అన్నాడు, ఆ మాట అనేటప్పుడు ఎదుట ఎవరూ లేనట్టు రేడియో వంకే చూశాడు.

ఆ కోతి కథ పూర్తిగా బయటపడటానికి నాలుగు రోజులు పట్టింది, ఎందుకంటే పెద్దాయన రోజూ వచ్చేవాడు. పని ఎంత వరకు వచ్చిందో చూడటానికని వచ్చి, స్టూలు మీద కూర్చుని, కాస్త చెప్పి, లేచి, మళ్లీ కూర్చుని, మరికాస్త చెప్పేవాడు. ఆ దుకాణంలో అప్పటికే ఇద్దరం కుదురులేని వాళ్లం, మూడోవాడూ తోడయ్యాడు, చూసేవాళ్లకు ఏదో వ్యాయామశాలలా ఉండేది.

కథ ఇదీ. రేడియో వాళ్ల నాయనది. ఊరికంతటికీ అదొక్కటే. ఆయన సాయంత్రం పూట పిల్లలిద్దరినీ ముందు కూర్చోబెట్టుకుని, ముల్లు జరుపుతూ అద్దం మీది ఊళ్ల పేర్లు వరసగా చదివి వినిపించేవాడట. పెద్దది ఆడపిల్ల, ఈయన కంటే ఆరేళ్లు పెద్ద. బడికి పోని ఆ పిల్లకు ఆ పదకొండు పేర్లు నోటికి వచ్చేశాయి, వాకిలి ఊడుస్తూ అవే అనుకునేదట. ఈయనకు ఇరవయ్యో ఏట, పెట్టెలో మనుషులు ఎక్కడ కూర్చున్నారో చూద్దామనే శాస్త్రీయ జిజ్ఞాస పుట్టి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు విప్పబోయాడు. ఇరవై ఏళ్లకు ఆ జిజ్ఞాస కొంచెం ఆలస్యమే. అద్దం జారి బండ మీద పడింది. ముక్కలన్నీ ఏరి బావిలో వేసి, నాయన రాగానే కోతి వచ్చి లాగేసిందన్నాడు. ఆ చుట్టుపక్కల కోతులకు కొదవ లేదు కాబట్టి నాయన నమ్మాడు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కోతి ఎట్లా వచ్చిందని ఆలోచించి, కిటికీ పక్కన ఉన్న జామచెట్టు మీదుగా వచ్చి ఉంటుందని తేల్చి, మర్నాడే దాన్ని కొట్టించేశాడు. ఆ చెట్టు అక్క పెట్టింది. కుడితి నీళ్లు పోసి పెంచి, ఆ ఏడే మొదటి కాపు పట్టిన చెట్టు.

అక్క అప్పుడు, కాణిపాకం వచ్చి దేవుడి ముందర ప్రమాణం చేసి చెప్పమని మాత్రం అడిగిందట. మా వైపు వాళ్లకు ఆ మాటకున్న బరువు వేరే చెప్పక్కరలేదు, అప్పులవాళ్లూ దొంగలూ కూడా ఆ గుడి మెట్ల దగ్గర నిజం కక్కేస్తారు. పెద్దాయన అప్పటి నుంచి, ఇంటికి నాలుగు మైళ్లలో ఉన్న ఆ గుడికి అక్క ఉన్న రోజున పోలేదు. అక్క ముందు వెళ్లిందని తెలిస్తే ఈయనకు ఆ పూట నడుం నొప్పి. అక్కను పక్క ఊరికే ఇచ్చారు, రాకపోకలు ఉన్నాయి, పండక్కి చీర పెడతాడు, ఆమె కట్టుకుంటుంది. కానీ ఈయన ఏ మాట చెప్పినా, పొలంలో బోరు పడిందన్నా, బిడ్డకు జ్వరమన్నా, ఆమె ఒకే ప్రశ్న వేసేదట. “ఎవురు సెప్పినారు? కోతి సెప్పినాదా?”

ఇప్పుడు ఆయన కొత్త ఇల్లు కట్టాడు. గృహప్రవేశం నాడు కొత్త పొయ్యి మీద పాలు పొంగించేది ఇంటి ఆడపడుచు, ఈయనకున్న తోబుట్టువు ఆమె ఒక్కతే. భార్యాభర్తలిద్దరూ కుంకుమ భరిణె పట్టుకుని పిలవడానికి వెళితే, బొట్టు పెట్టించుకుని, కాఫీ ఇచ్చి, నెమ్మదిగా చెప్పిందట. నాయన రేడియో నాయన ఉన్నప్పుడు ఉన్నట్టు అద్దంతో సహా ఆ ఇంట్లో ఉంటే వస్తాను, లేకుంటే పాలు కోతి చేత పొంగించుకో. ఎగతాళి కాదు, ఆమె రాదు. రాకపోతే ఆ ఇంట్లో తాను కాపురం పెట్టలేనని పెద్దాయన అన్నాడు. అని లేచి గుమ్మం దాకా పోయి వచ్చాడు.

“ఒప్పుకుంటే పోలా పెద్దాయనా?” అని నేను తేలిగ్గా అడిగాను, ఎవరి తప్పయినా ఒప్పుకోవడం ఎదుటివాడికి చాలా తేలిక.

“నలభై అయిదేండ్లు అయినంక యా మొగంతో సెప్పేది సామీ? మొదటి దినం సెప్పింటే రెండు దెబ్బలతో పోయుండు” అన్నాడు.

అసలు చిక్కు తర్వాత తెలిసింది. అద్దం మీద ఏయే పేర్లు ఏ వరసలో ఉండేవో మాకు తెలియదు. అదే రకం రేడియోల బొమ్మలు ఫోనులో వెతికితే చాలా దొరికాయి, కానీ ఏ ఏడు తయారైనదానికి ఆ ఏడు పేర్లు, ఒకదానిలో ఉన్న ఊరు ఇంకోదానిలో లేదు. అక్కను అడగడానికి లేదు. చివరకు పెద్దాయనే కళ్లు మూసుకుని, అక్క వాకిలి ఊడుస్తూ అనుకునే వరసను గుర్తు చేసుకుని చెబుతానన్నాడు. చీపురు చప్పుడు లేకపోతే గుర్తు రావడం లేదని రెండుసార్లు ఆగాడు. చిచ్చా నిజంగానే లేచి దుకాణం ఊడవడం మొదలుపెట్టాడు. నేను కాగితం తీసుకుని కూర్చున్నాను, కుర్చీలో సగం.

“డిల్లీ... మద్రాసు... సిలోను... కరాసి... సుంగుకింగు...”

ఇక్కడ నా చదువు గురించి చెప్పాలి. చిత్తూరులో మేమంతా చ అనాల్సిన చోట స అంటాం. చూడు అనం, సూడు అంటాం. మా తెలుగు అయ్యవారు ఆ సకారాన్ని మా నాలుకల మీద నుంచి పీకేయడానికి వెదురుబెత్తం పట్టుకుని అయిదేళ్లు పోరాడాడు. దాంతో నాకొక జబ్బు పట్టుకుంది. ఎవరి నోట స విన్నా అది చ ఏమోనని నా చెయ్యి ముందుకు దూకుతుంది. పెద్దాయన కరాసి అంటే కరాచీ అని రాశాను, సరిపోయింది. సుంగుకింగు అన్నాడు, ఇదేమిటబ్బా అని ఫోనులో చూస్తే చుంగ్‌కింగ్, చైనాలో నిజంగానే ఉంది. సిలోను అంటే సిలోనేనని, రేడియో సిలోను పాటల గురించి చెప్పి విసిగించే మా నాయన పుణ్యాన తెలుసు. రంగూన్, సింగపూర్ కూడా తెలుసు, సింగపూర్ టూరు బోర్డులు తిరుపతి బస్టాండు చుట్టూ కావలసినన్ని. ఆ తర్వాత ఆయన సైగాను అన్నాడు. సరిగ్గా అప్పుడే నా ఫోను మోగింది.

ఆరు ఇంటర్వ్యూల కబురు ఆ ఒక్క నిమిషంలో దారి దొరికి వచ్చింది. ఫ్యాక్టరీ వాళ్లు, ఫలానా నాడు పొద్దున వచ్చి చేరమంటున్నారు. ఒక చెవిలో ఆ మాట, ఇంకో చెవిలో సైగాను, చేతిలో పెన్ను. ఇందాకటి రెండుసార్లూ స అంటే చ అయింది, ఇదీ అంతే, పైగా చైనా పక్కదే అయి ఉంటుంది. చైగాన్ అని ఇంగ్లీషులో అయ్యవారు గర్వపడేంత పెద్ద అక్షరాలతో రాసి, వస్తాను సార్ తప్పకుండా వస్తాను సార్ అని ఫోనుకు చెప్పి, మిగిలిన టోక్యో, కైరో, ప్యారిస్‌లను ఒక్క గుక్కలో ముగించాను. సైగాన్ అనే ఊరు నిజంగా ఉందనీ, ఆ పేరు పటంలో ఎప్పుడో మారిపోయిందనీ నాకు అప్పుడు తెలియదు. వెతకలేదు. ఉద్యోగం వచ్చినవాడికి భూగోళంతో పనేమిటి?

చిచ్చా మాత్రం కాగితం చేతికిచ్చినప్పుడు ప్రతి పేరూ నా చేత చదివించుకున్నాడు. అక్కడికి వచ్చేసరికి కనుబొమ లేపి, “చాయ్ గాన్? చాయ్ దొరికే ఊరా బేటా?” అన్నాడు. అవును చిచ్చా, ఊరి పేరే అది అన్నాను. ఆయన మెచ్చుకోలుగా తలూపాడు. ఆ తలూపడం గుర్తొస్తే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

ఆ వారం దుకాణంలో ఎవరికీ కాలు నిలవలేదు. మొదటి అద్దం కైరో దగ్గర పోయింది, చెయ్యి వణికి కైరోకు తోక మొలిచింది. రెండోది ఎండబెట్టినప్పుడు పావురం నడిచి పోయింది. చిచ్చా నమాజుకు వెళ్లి వచ్చి మూడో అద్దం కోశాడు. ముల్లు కోసం పాత గొడుగు ఊచను అరగదీసి ఎర్రరంగు వేశాం. పోయిన నాబుకు, ఉన్న నాబును అచ్చు తీసి పోత పోశాం, మూడోసారికి కుదిరింది. పెద్దాయన పక్కన నిలబడి ఊపిరి బిగబట్టి చూసేవాడు, ఆయన ఊపిరి వదిలిన ప్రతిసారీ చిచ్చా ఉలిక్కిపడి చెయ్యి పైకెత్తేవాడు. చివరకు ఆయన్ని బయట అంగడి ముందు కూర్చోమన్నాం. నేను ఒకవైపు అద్దం పట్టుకుంటూనే, మనసులో రైలు టైములు చూసుకుంటున్నాను. మూడో అద్దం పూర్తయి, బిగించి, వెనక బల్బు వెలిగించినప్పుడు పదకొండు ఊళ్లూ పసుపు వెలుతురులో ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. పెద్దాయన చేతులు జోడించాడు. నేను కూడా బాగుందన్నాను. నా తప్పు అంత అందంగా ఉంటుందని నాకెట్లా తెలుస్తుంది?

గృహప్రవేశం మర్నాడే నేను ఫ్యాక్టరీలో చేరాలి. అందుకని బ్యాగు భుజాన వేసుకునే వెళ్లాను, అక్కడి నుంచే బస్సెక్కి పోయి రైలు అందుకుందామని. ముహూర్తం తొమ్మిదిన్నరకు. గుమ్మానికి మామిడాకులు, లోపల ఇటుకల పొయ్యి మీద కొత్త గిన్నె, దానికి పసుపు కుంకుమ. పంతులు గడియారం చూసుకోవడం, పెద్దాయన వీధి చివర చూడటం, నేను బస్సు టైము చూసుకోవడం, చిచ్చా టోపీ సర్దుకోవడం, ఇంత కంగారు మధ్య నిశ్చింతగా ఉన్నది పాల గిన్నె ఒక్కటే. తొమ్మిదీ పదికి ఆటోలో అక్క వచ్చింది. బక్కపలచని మనిషి, తెల్ల జుట్టు, మెడలో కళ్లద్దాలు దారానికి వేలాడుతున్నాయి. గడప దాకా వచ్చి ఆగిపోయింది.

“రేడియో బయటికి తెండి” అంది.

పెద్దాయనే మోసుకొచ్చి షామియానా కింద స్టూలు మీద పెట్టాడు. వైరు లాగి బల్బు వెలిగించారు. ఆమె కళ్లద్దాలు కొంగుతో తుడిచి పెట్టుకుని, వేలు అద్దం మీద ఆనించి, ఒక్కొక్క పేరూ తాకుతూ చదవడం మొదలుపెట్టింది. చదువు రాదని కదా అన్నాడు ఈయన, ఎట్లా చదువుతోందో నాకు అర్థం కాలేదు. డెల్లీ, మద్రాసు, సిలోను, వేలు జరుగుతోంది, గొంతు చిన్నపిల్లది అవుతోంది, చుట్టూ ఉన్నవాళ్లు కొందరు కళ్లు ఒత్తుకోవడానికి తయారయ్యారు. రంగూను, సింగపూరు. వేలు ఆగింది.

“యేమప్పా సాయిబూ, ఈడ ఇంకొక పాము ఉండాల కదా? పాము యాడికి పోయినాది?”

పాము అనే మాట వినగానే షామియానా కింద ఉన్న నలభై మందీ కాళ్లు కుర్చీల మీదికి తీసుకున్నారు. ఒకాయన కర్ర కోసం పరిగెత్తాడు. సర్దుమణగడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆమె ఈ హడావిడి ఏదీ పట్టించుకోకుండా చిచ్చాకు చూపించింది. ఆమెకు అక్షరాలు రావు, ఆకారాలు వచ్చు. వాళ్ల నాయన చదువుతుంటే చూసి చూసి ప్రతి పేరు మొదటా ఏముందో గుర్తు పెట్టుకుంది. సిలోను ముందర కొడవలి, సింగపూరు ముందర పాము, దాని పక్కనే సైగాను ముందర ఇంకో పాము. జంట పాములు. ఈ అద్దంలో రెండో పాము చోట కొడవలి ఉంది, పక్కన ఒక నిచ్చెన.

నేను చూశాను. పాము ఇంగ్లీషు ఎస్, కొడవలి సి, నిచ్చెన హెచ్. తెలిసిపోయింది. చిచ్చాకూ తెలిసిపోయింది, ఆయన చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది, నా చేతిరాతతో ఉన్న కాగితం అందులోనే ఉంది. జేబులోంచి తీస్తాడనుకున్నాను. ఆయన జేబు మీద చెయ్యి అట్లాగే ఉంచి, “తప్పు అయినాది అమ్మా” అన్నాడు. నేను రాశానని చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచి మూశాను. బస్సు టైము అవుతోందని ఆ క్షణంలో నాకు గట్టిగా అనిపించింది.

అప్పుడు పెద్దాయన ముందుకొచ్చాడు. “సాయిబును అనొద్దు అక్కా. పేర్లు సెప్పింది నేను. నా నోరే సరి లేదు” అన్నాడు. ఆ మాట తప్పు, ఆయన సైగాను అని నిక్షేపంలా చెప్పాడు. ఆమె అలవాటుగా కోతి అనబోయినట్టుంది, పెదవి కదిలింది. అంతలోనే ఆయన తువ్వాలు భుజం మీద నుంచి తీసి రెండు చేతులతో పట్టుకుని, ఊరంతా వింటుండగా అన్నాడు.

“ఆ పొద్దు కోతి రాలా అక్కా. నేనే ఇప్పబోయి పగలగొట్టినాను. నీ జామసెట్టు నా వల్లనే పోయినాది.”

మేళగాడు కూడా సన్నాయి దించాడు. పంతులు మళ్లీ గడియారం చూశాడు. అందరూ కన్నీళ్ల కోసం ఎదురు చూస్తున్నారు, నిజం చెప్పొద్దూ, నేనూ చూస్తున్నాను.

“కోతి రాలేదని నాకు ఆ పొద్దే తెలుసురా” అంది ఆమె. “కోతి యాడన్నా రేడియో కింద తిరుప్పులి మరిసిపోతాదా?”

స్క్రూడ్రైవరును మా వైపు తిరుప్పులి అంటాం. ఆ రోజు దాన్ని నాయన కంట పడకుండా ఆమే తీసి దాచేసిందట, చెట్టును మాత్రం దాచలేకపోయింది. “నువ్వు సెప్తావని సూస్తా ఉంటి. ఇంత బిన్నా సెప్తావనుకోలా” అంది. బిన్నా అంటే త్వరగా. పెద్దాయన నవ్వబోయాడు, అది మధ్యలో ఏడుపైంది. ఆమె తన కొంగు ఇవ్వలేదు, ఆయన తువ్వాలునే ఆయన ముఖం వైపు తోసి, “పాలు యాడ పెట్టినారు?” అంటూ కుడికాలు లోపల పెట్టింది.

పాలు పొంగాయి. మూడు వైపులా పొంగి ఒక ఇటుక కింద మంట ఆరిపోయింది కూడా. బయటికొచ్చి ఆమె చిచ్చాతో, ఆ కొడవలి తీసేసి పాము పెట్టి పొమ్మంది. కథల్లో అయితే ఉండనీ, అదే గుర్తు అనేవాళ్లు. ఆమె అనలేదు. చిచ్చా సంచిలో కుంచె, బ్లేడు ఎప్పుడూ ఉంటాయి. అద్దం విప్పి, అరుగు మీద కూర్చుని, రెండక్షరాలు గీకి ఒక పాము రాశాడు. రెండక్షరాల చోట ఒకటే కాబట్టి పాముకూ ఊరికీ మధ్య కాస్త ఎడం మిగిలింది. ఆ ఎడం చూసి ఆయన దారి పొడవునా బాధపడ్డాడు. నేను అద్దం అంచులు పట్టుకుని కూర్చున్నాను, బస్సు పోయింది, తర్వాతి బస్సూ పోయింది. చైగాన్ అనే ఊరు ఈ భూమ్మీద వారం రోజులు కూడా నిండా బతకలేదు.

తప్పు నాదని నేను ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం బస్టాండులో చిచ్చాతో చెప్పబోతే, ఆయన కాగితం తీసి నా చేతిలో పెట్టి, “పో బేటా, లేటు అయితాది” అన్నాడు, అంతే. ఆ కాగితాన్ని జాగ్రత్తగా దాచుకున్నానని రాయాలనుంది. రైల్లో చపాతీ నూనె తుడుచుకున్నాను.

చిచ్చా దుకాణం ఇప్పుడు లేదు. ఆ గదిలో అల్లుడు ఫోన్లకు కవర్లు అమ్ముతున్నాడు, ఈయన మూలన కూర్చుంటాడు. కంటికి ఆపరేషను అయింది, బాగా కనబడుతోందట, వణుకు కూడా మందులతో తగ్గిందట, రాయడానికి అద్దమే లేదు. పోయినసారి వెళితే, “ఇప్పుడు రాస్తే ఒక్క అద్దం పాడవదు బేటా” అని వేళ్లు చాచి చూపించాడు. నిజంగానే నిశ్చలంగా ఉన్నాయి. నేను ఒక ఫోను కవరు కొన్నాను. మా ఫ్యాక్టరీలో యంత్రం నిమిషంలో అచ్చేసే పలకలు ఆయన ఏడాదంతా రాయలేడు, తేడా వచ్చినా ట్రే మొత్తం పక్కన పడేస్తారు, ఎవరూ అరుగు మీద కూర్చుని గీకరు. ఆ రోజుల్లో ఒక అక్షరం తప్పితే దాన్ని తన మీద వేసుకోవడానికి ఇద్దరు పెద్దమనుషులు ముందుకొచ్చారు, తప్పు చేసినవాడు తప్ప. నిన్న పద్నాలుగు మందిలో ఒక్కరూ రాలేదు. నేను చెయ్యెత్తానా అంటారేమో, లేదు, ఆ ట్రే నిజంగానే నాది కాదు. అయినా అక్కడ కూర్చున్నంతసేపూ కాలు ఆడుతూనే ఉంది, ఎనిమిదేళ్లయినా కుర్చీలో సగమే కూర్చుంటున్నానని అప్పుడే గమనించాను.

పెద్దాయన అప్పుడప్పుడూ ఫోను చేస్తాడు. అక్క వారానికొకసారి వస్తుందట, ఇద్దరూ రేడియో ముందు కూర్చుంటారట. పోయిన నెల ఇంట్లో కొత్త ఎల్‌ఈడీ బల్బులు పెట్టించాక రేడియో ఒకటే గర్రుమంటోందని, చిచ్చాను అడిగి చెప్పమన్నాడు. అడిగాను. రేడియోలో తప్పేమీ లేదు, కొన్ని ఎల్‌ఈడీ బల్బులకు మీడియం వేవ్ పడదు, వినేటప్పుడు ఆ గదిలో లైటు ఆర్పేయాలి అన్నాడు.